నమూనా పద్నాలుగు

మా కొట్లో పద్దెనిమిది వందల రంగులుండాయి.
చిత్తూరు హైరోడ్డులో మూడు మెట్లెక్కితే
ఎడమచేతి పక్క షేడ్ కార్డు.
అందులో నీలాలే రెండొందల పైచిలుకు.
అది లేదు.

ఆ ఏడు ప్రైమర్ ఎక్కువ అమ్మినానని
కంపెనీవాళ్ళు మమ్మల్ని ఓడెక్కించినారు.
మదనపల్లె చెంగల్రాయుడు, కడప డీలరు,
హోసూరు అన్నదమ్ములు, నేను, మా కోమల.
అలాస్కా అంటే అంతవరకూ
నాకు ఫ్రిజ్ పేరు మాదిరే వినిపించేది.
మంకీ టోపీలు పెట్టుకొని పన్నెండో అంతస్తులో
చెంగల్రాయుని పెండ్లాం తెచ్చిన చింతకాయ తొక్కు
బ్రెడ్డుకు పూసుకొని తిన్నాం.

నాలుగో రోజు పొద్దున ఓడ నడక తగ్గించింది.
ఎదురుగా మంచు.
కొండ అనను, కొండయితే కదలదు.
ఇది నదంట.
నిలబడినట్టు నటిస్తా నడస్తా ఉంటుందంట.
మైకులో ఆమె చెప్పిన ఇంగ్లీషు సగమే అర్థమైంది.
ఏండ్ల తరబడి వెనక్కి పోతా ఉందన్న మాట
ఆ సగంలోనే ఉండాది.
"ముందుకు నడస్తా వెనక్కెట్ల పోతుంది?"
అనింది కోమల.
మా కొట్టు లెక్కలు గుర్తొచ్చి ఊరకుండిపోయినా.

"ఇదంతా కరిగితే ఎన్ని ట్యాంకర్లవుతాయి?"
ఎండాకాలం మా వీధికి ట్యాంకరు ఏడొందలు.
నీవా నది నీళ్ళతో పారింది ఎప్పుడో
తలుచుకుంటే గానీ గుర్తు రాదు.
ఆమె వేళ్ళు ముడిచింది, విప్పింది, మళ్ళీ ముడిచింది,
ఆఖరికి చేతులు రెండూ శాలువాలో దాచుకునింది.

అప్పుడే మేనేజరు బ్యానరు విప్పినాడు.
"అందరూ ఇటు చూడండి, ఇటు!"
ముప్పైమందిమి
మంచుకు వీపులు చూపించి నవ్వినాం.

వెనకాల పేలింది.
గ్రానైట్ క్వారీలో మందు పెట్టినప్పుడు
కడుపులోకి దిగుతుందే, ఆ చప్పుడు.
తిరిగేలోగా అయిపోయింది.
పడింది పడిపోయింది, అల మాత్రం
మా దాకా వచ్చి ఓడను ఒకసారి తాకి పోయింది.
విరిగిన చోట నీలం.
వెలుతురు లోపలికి పోయి, దారి తప్పి,
బయటికి రాలేక అక్కడే ఊరినట్టు.
ముప్పై ఏండ్లుగా రంగులమ్మేవాణ్ణి,
దానికి పేరు చెప్పలేక నోరు తెరిచి నిలబడినా.

ఆ ఫోటో గల్లాపెట్టె పైన ఉండాది.
మా నవ్వుల వెనక, భుజాల సందున,
ఇంటంత మంచు గాల్లో ఉండగానే ఆగిపోయింది.
"ఎంత బాగుండావు సామీ" అంటారు వచ్చినోళ్ళు.
వెనక ఎవరూ చూడరు.

రాత్రి షట్టరు దించినాక
రియాజ్ టింటింగ్ మిషను దగ్గర, నేను స్టూలు మీద.
ఒక చుక్క నలుపు. అరచుక్క ఆకుపచ్చ.
వద్దు, ఎక్కువైంది.
ఇట్ల పదమూడు డబ్బాలు చెడినాయి.
"అన్నా, నువ్వు చూసింది నేనెట్ల కలిపేది?"
అని ఆవులించినాడు పిల్లోడు.
నిజమే.

జూన్ పడింది, ఎండ తగ్గలేదు.
తోతాపురి ట్రాక్టర్లు పల్పు ఫ్యాక్టరీ దాకా వరస కట్టినాయి.
మురకంబట్టు నుంచి కుప్పమ్మ వచ్చింది,
పాలు పోయించుకునే గదికి రంగు కావాలని.
షేడ్ కార్డు ముట్టలేదు.
అరుగు మీది పద్నాలుగో డబ్బాలో వేలు ముంచింది.
"దీని పేరేంది?"
"పేరు లేదమ్మా."
"పేరు పూస్తానా గోడకు? కట్టి ఇయ్యి."
బిల్లులో ఏం రాయాలో తెలీక నంబరు రాసినా.

మరుసటి రోజు పన్నెండింటికి
వేలాయుధం మేస్త్రీ ఫోను:
"సార్, ఒక గోడ కొట్టినా. తడి మీద బలే ఉండాది.
ఆరితే మాత్రం ఇది ఇట్లుండదు,
నీకు తెలియంది కాదు. చూడాలంటే ఇప్పుడే రా."

కొట్టు రియాజ్‌కు ఒప్పజెప్పి
ఇంటికాడ కోమలను స్కూటరెక్కించుకున్నా.
ఈ ఎండకు ఎంతసేపు ఆగుతుంది తడి?
ట్రాక్టర్ల సందుల్లో, మామిడి సొన వాసనలో,
హారన్ కొడతా, మాటమాటకూ తల తిప్పి
ఆ రోజు చప్పుడు గురించి ఆమెకు చెప్పబోతే
వీపు మీద ఒక్కటి చరిచింది.
"ముందుకు చూసి పోనీ."